తీవ్రమా, ఓ మోస్తరా

మా ఆఫీసులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ ఆవిడ రంగుల మేడమే. జిల్లా ప్రణాళికా కార్యాలయంలో భూ వినియోగ పటాలు తయారుచెయ్యడం ఆవిడ పని. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు ఎరుపు, ఫ్యాక్టరీలకు ఊదా, పంటపొలాలకు ఆకుపచ్చ. జిల్లాలో ఏ మూల నేల ఏ రంగులో ఉందో ఆవిడకు కంఠతా వచ్చు. మా ఇల్లు ఫలానా చోట అని ఎవరైనా నోరు జారితే చాలు, "ఓ, మూడో పటంలో పసుపు. మీ పెరడు మాత్రం ఆకుపచ్చలోకి వస్తుంది" అనేది. మా క్యాషియరు పెరట్లో ఓ గది కట్టుకుని, ఏడాది పాటు ఆవిడ ఎదురుపడకుండా వెనక మెట్ల మీదుగా తిరిగాడు.

నేను ఆ ఆఫీసులో టైపు చేసేదాన్ని. ఆవిడ రాసిన ప్రతి కాగితం నా చేతి మీదుగానే పోయేది. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. ఆవిణ్ణి అడిగితే "ఏముందమ్మా చెప్పడానికి" అని చేతిలో పని చూసుకుంటుంది.

ఇరవై రెండో ఏట పటాలకు నకళ్ళు దించే చిన్న ఉద్యోగంలో చేరి, నలభై ఆరో ఏటికి సహాయ అధికారి అయింది. ఆ మధ్యలో జిల్లాకు కొత్త ప్రణాళిక తయారుచేశారు. అప్పుడు రెండేళ్ళపాటు జిల్లా అంతా నడిచింది ఆవిడే. బస్సు పోయినంతవరకు బస్సు, ఆ తర్వాత కాళ్ళు. పట్నానికి తూర్పున పల్లపు పొలాలున్నాయి. నాలుగు వైపుల వాననీరూ వచ్చి అక్కడ చేరి, రెండు మూడు రోజులు నిలిచి, ఓ పాత కల్వర్టు కిందనుంచి నెమ్మదిగా దిగువకు జారుకుంటుంది. కల్వర్టుకు అవతల దిగువ కాలనీ, నాలుగు వందల ఇళ్ళు. ఆ పొలాలకు ఆవిడ ఆకుపచ్చ వేసి, దాని మీద నీలం గీతలు ఏటవాలుగా గీసింది. అంటే ఇది నీళ్ళ చోటు, ఇక్కడ ఇటుక మీద ఇటుక పెట్టకూడదని అర్థం.

ఆవిడ భర్తకు పాత బజారులో ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టుంది. సన్నటి మనిషి, మాట తక్కువ. అద్దం కోసే పనిలో ఉన్నవాడు తొందరపడకూడదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని భోజనానికీ నడకకూ కూడా వర్తింపజేసేవాడు. కొట్టు మీద మేడలోనే కాపురం. అత్తగారు అక్కడే కిటికీ పక్కన కుర్చీలో ఉండేది. చెవులు బాగా మందగించాయి, నోరు మాత్రం మందగించలేదు.

ఒక రోజు పొద్దున్న మా ఆఫీసుకు ఒక ఫైలు వచ్చింది. ఫైలంటే నాలుగు పెట్టెలు. ఆ పల్లపు పొలాల్లో నూట ముప్పై ఎకరాల మీద ఒక కంపెనీవాళ్ళు పెద్ద వ్యాపార సముదాయం కడతారట. మూడంతస్తుల దుకాణాలు, సినిమా హాళ్ళు, హోటలు, గోదాములు, నాలుగు వేల కార్లు నిలిపే చోటు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పలకడానికి నోరు తిరక్క, ఊళ్ళో జనం వారం తిరక్కుండానే 'పెద్దకొట్టు' అని పిలవడం మొదలుపెట్టారు.

చట్టం ప్రకారం అంత పెద్ద కట్టడం ఏదొచ్చినా, దాని వల్ల జిల్లా ప్రణాళికకు ఏమవుతుందో మా ఆఫీసు నివేదిక రాయాలి. మూడు విషయాలు చూడాలి: నీళ్ళు, రోడ్లు, ఉన్న వ్యాపారాలు. ఒక్కోదానికి ఎదురుగా ఒక మాట రాయాలి. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. మధ్యస్థాన్ని మేము ఆఫీసులో 'ఓ మోస్తరు' అనేవాళ్ళం. మూడింటిలో ఒకచోట తీవ్రం అని పడితే షరతులు పెట్టి అనుమతి ఇవ్వొచ్చు. రెండుచోట్ల పడితే ఫైలు వెనక్కి పంపాల్సిందే.

మా పెద్దసారు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు. పెద్దసారు మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు.

"ఇరవై ఎనిమిది రోజులు టైముంది. మీరే రాయాలి" అన్నాడు.

"నేను రాయకూడదు సార్" అంది ఆవిడ. "మా ఆయనకు పాత బజార్లో కొట్టుంది. మా తమ్ముడు మట్టి తవ్వే మిషను నడుపుతాడు, వాణ్ణి ఈ పనికి మాట్లాడుకున్నారని వింటున్నా. నేనేం రాసినా ఎవరో ఒకళ్ళ కోసం రాశానంటారు." అప్పటికే ఆ సంగతంతా కాగితం మీద రాసుకుని తెచ్చుకుంది. సంతకం పెట్టి బల్ల మీద పెట్టింది.

పెద్దసారు చదివాడు. "పాత బజార్లో చుట్టం లేనివాడు ఈ ఆఫీసులో ఎవడున్నాడమ్మా? మా బావమరిదికీ బట్టల కొట్టుంది. ఆ పల్లం సంగతి తెలిసింది మీకొక్కరికే. ఇంకెవరికిచ్చినా ఆఫీసులో కూర్చుని కథలు రాస్తారు" అన్నాడు. కాగితాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టేశాడు.

బయటికి వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. "తప్పించుకోడానికి రాసిన కాగితం కూడా ఫైల్లోకే పోయిందమ్మా" అంది.

పని మాత్రం పనిలాగే చేసింది. నాలుగు రోడ్ల కూడలిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మూడు రోజులు బళ్ళు లెక్కపెట్టింది. కంపెనీవాళ్ళు ఇచ్చిన లెక్కలో సగం బళ్ళే ఉన్నాయి. వాళ్ళు బడులకు సెలవులున్న వారంలో లెక్కపెట్టారని తారీకులు చూసి పట్టుకుంది. తర్వాత పాత బజారంతా కొట్టు కొట్టుకూ తిరిగింది. రెండు వందల పన్నెండు కొట్లు. ప్రతి కొట్టుకూ ఒక అట్టముక్క: ఏం అమ్ముతారు, ఎంతమంది పనిచేస్తారు, కొనేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు. గడియారాలు బాగుచేసే ఆయన ఆవిడకు తన ఎత్తు పీట ఇచ్చి, తను నిలబడి జవాబులు చెప్పాడు.

"మా గురించి గట్టిగా రాయమ్మా. మన బజారు కోడలివి. మా కష్టం నీకు చెప్పాలా?" అన్నాడు.

"చూసింది చూసినట్టు రాస్తానండీ" అంది.

"అంతే చాలు. చూసింది రాస్తే చాలు" అన్నాడాయన, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే.

ఆ రోజు నుంచి బజార్లో ఆవిడ నడుస్తుంటే జనం లేచి పలకరించడం మొదలైంది. కూరగాయలమ్మే ఆమె రెండు ఎక్కువ వేసేది. ఆవిడ తీసి తిరిగి బుట్టలో పెట్టేది. అప్పుడే ఆవిడకు తెలిసిపోయింది, ఈ మర్యాదంతా ఎప్పుడో తన మెడకు చుట్టుకుంటుందని.

పల్లానికి ఆదివారం నాడు భర్తను తోడు తీసుకెళ్ళింది. ఒక ముసలి రైతు అక్కడ పంపు షెడ్డు గోడ మీద పాత వానల గుర్తులు చూపించాడు. మూడు చారలు, ఒకదాని మీద ఒకటి. పైది ఆవిడ భుజం దాకా ఉంది. "నీరు పల్లమెరుగు అంటారు కదమ్మా. వాళ్ళు మట్టి పోసి మెరక చేస్తే, నీరు ఇంకో పల్లం వెతుక్కుంటుంది" అని దిగువ కాలనీ వైపు గడ్డంతో చూపించాడు. భర్త టేపు పట్టుకుంటే ఆవిడ కల్వర్టు కొలిచింది. ఉన్న కల్వర్టుకు రెండింతలున్నా చాలదు. చాలాలంటే పక్కనే పెద్ద గుంట ఒకటి తవ్వి నీళ్ళు నిలబెట్టాలి.

నివేదిక నేనే టైపు చేశాను. డెబ్బై నాలుగు పేజీలు. నీళ్ళు: తీవ్రం. రోడ్లు: మధ్యస్థం. ఉన్న వ్యాపారాలు: తీవ్రం. ఐదేళ్ళలో పాత బజారులో సగానికి పైగా కొట్లు మూతపడతాయని రాసింది. ఈ ఒక్క ఆకుపచ్చ ముక్క ఎరుపయితే, పక్కనున్న ఎనిమిది వందల ఎకరాలవాళ్ళూ మాకూ ఎరుపు కావాలని వస్తారు, ఇక ప్రణాళిక గోడకు తగిలించుకునే బొమ్మ అవుతుంది అని కూడా రాసింది. ఆ వాక్యం టైపు చేస్తూ నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత పెద్దసారు నన్ను కూడా గదిలో ఉండమన్నాడు. దిద్దుబాట్లుంటే అక్కడికక్కడే రాసుకుంటానని.

"రెండు తీవ్రాలు కుదరవమ్మా" అన్నాడు.

"కుదరకపోవడమేంటి సార్? లెక్కలు వెనకాల ఉన్నాయి."

"లెక్కలు తప్పని నేనన్నానా? ఒక్క తీవ్రం ఉంచుకోండి. రెండోదాన్ని మధ్యస్థం చెయ్యండి. ఒక్క మాట."

"చెయ్యకపోతే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఆవిడకు సుఖంగా ఉండేదేమో. "మీరు చెయ్యకపోతే ఈ ఫైలు మన దగ్గర్నుంచి తీసేసి బయటి కన్సల్టెంటుకిస్తారు. పైనుంచి ఆ మాట చెప్పేశారు. వాడు మూడు చోట్లా స్వల్పం అని రాస్తాడు. అప్పుడు గుంటా ఉండదు, కల్వర్టూ ఉండదు. దిగువ కాలనీ మీకు తెలుసు, నాకూ తెలుసు. ఏది ఉంచాలో మీరే చెప్పండి. నేను చెప్పను."

"ఏది ఉంచాలో కూడా నేనే చెప్పాలా సార్?"

"ఆ మాత్రం గౌరవం మీకివ్వాలి కదమ్మా" అన్నాడు. నిజంగానే గౌరవమనుకునే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ సాయంత్రం తమ్ముడు వాళ్ళ మేడ మీదికి వచ్చాడు. ఇది ఆవిడే తర్వాత చెప్పింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడట.

"అక్కా, ఫైలు వెనక్కి పంపుతున్నావంట కదా?"

"ఎవరు చెప్పార్రా?"

"ఎవరో చెప్పార్లే. ఏడాదిన్నర పని అక్కా అది. నా మిషనుకి ఇంత పెద్ద పని ఎప్పుడన్నా వచ్చిందా? బావ కొట్టు కోసం నా పొట్ట కొడతావా?"

"బావ కొట్టు కోసమని ఎవర్రా అన్నది?"

"ఊరంతా అంటోంది. నువ్వొక్కదానివే వినట్లేదు."

భర్త అద్దం తుడుస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు. కిటికీ దగ్గర్నుంచి అత్తగారు, "ఏమంటున్నాడే మీ తమ్ముడు?" అని కేకేసింది.

"పని గురించండీ" అని ఈవిడ గట్టిగా చెప్పింది.

"పనా? చేసేవాడికి చెయ్యి ఖాళీ ఉండదు, అరిచేవాడికి నోరు ఖాళీ ఉండదు. చెప్పులు విప్పమను ముందు" అంది అత్తగారు.

తమ్ముడు వెళ్ళిపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఆవిడ పరిస్థితి దానికన్నా అన్యాయం. ఇక్కడ కప్పా తనవాడే, పామూ తనవాడే.

మర్నాడూ ఆ మర్నాడూ ఆవిడ ఏమీ రాయలేదు. బల్ల ముందు రెండు కాగితాలు పెట్టుకుని కూర్చుంది. ఒకదాని మీద దిగువ కాలనీ, ఒకదాని మీద పాత బజారు. మధ్యాహ్నం నేను టీ తీసుకెళ్తే అడిగింది, "ఏమ్మా, కొట్టు పోతే మనిషికేమవుతుంది?"

"ఇంకో కొట్టు పెట్టుకుంటాడు, లేకపోతే ఇంకో పని చూసుకుంటాడు" అన్నాను.

"ఇంట్లోకి భుజం దాకా నీళ్ళొస్తే?"

నేను టీ గ్లాసు ఆ రెండు కాగితాలకూ దూరంగా పెట్టాను.

మూడో రోజు పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి నా కుర్చీలో కూర్చుని ఉంది. అరవై ఎనిమిదో పేజీ ముందు పెట్టింది. ఉన్న వ్యాపారాలు అన్నచోట తీవ్రం అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన మధ్యస్థం అని రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"అక్కా, బావగారికి చెప్పావా?" అన్నాను. ఆఫీసులో ఆవిణ్ణి అక్కా అని పిలవడం అదే మొదలు.

"చెప్తే ఆయన వద్దనరు. వద్దనకపోతే నేను భరించలేను" అంది. ఆగి, ఇంకో మాట చెప్పింది. "నీళ్ళ గురించి నేను రాసింది నిలబడాలంటే, కొట్ల గురించి నేను రాసింది నా కోసం కాదని జనానికి కనబడాలి. మా ఆయన కొట్టే పణంగా పెట్టకపోతే, ఆ నీళ్ళ మాట ఎవడూ నమ్మడు. టైపు చెయ్యి."

టైపు చేశాను. దిద్దకముందు ఆ పేజీ చూసినవాళ్ళం ముగ్గురమే: ఆవిడ, నేను, పెద్దసారు. ముగ్గురమూ నోరు కుట్టుకున్నాం.

బహిరంగ విచారణ ఒక బడిలో పెట్టారు. చిన్నపిల్లల బెంచీలు. పెద్దవాళ్ళ మోకాళ్ళు బల్లల కింద పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చున్నారు. పాత బజారంతా అక్కడే ఉంది. ఆవిడ భర్త చివరి వరసలో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వేదిక మీద రాజధాని నుంచి వచ్చిన అధ్యక్షుడు, పక్కన కంపెనీ లాయరు, ఇటు పెద్దసారు. నివేదిక సారాంశం చదివే బాధ్యత రాసిన అధికారిదే. ఆవిడ లేచి చదివింది. నీళ్ళు, తీవ్రం. రోడ్లు, మధ్యస్థం. ఉన్న వ్యాపారాలు, మధ్యస్థం.

తర్వాత గడియారాల ఆయన లేచాడు. బెంచీలోంచి బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది.

"అమ్మా, నువ్వు మా కొట్టుకొచ్చి నా పీట మీద కూర్చుని రాసుకున్నావు. రెండు వందల పైచిలుకు కొట్లు తిరిగావు. ఇదేనా నువ్వు రాసింది?"

నేను వేదిక పక్కన నోట్సు రాసుకుంటున్నాను. నా పెన్ను ఆగిపోయింది. నిజం చెబితే నివేదిక మొత్తం కూలిపోతుంది. కన్సల్టెంటు వస్తాడు, మూడు స్వల్పాలు వస్తాయి. చెప్పకపోతే ఆ వీధిలో మళ్ళీ ఎవరి మొహం చూడాలి?

"అవునండీ. నేను రాసింది ఇదే" అంది.

"ఎవరన్నా రాయించారా?"

"లేదండీ. నేనే రాశాను."

ఆయన "మంచిదమ్మా" అని కూర్చున్నాడు. ఆ 'మంచిదమ్మా' కన్నా తిట్టి ఉంటే నయం. వెనక వరసల్లోంచి తిట్లూ వచ్చాయిలెండి. "మొగుడి కొట్టుకి పెద్దకొట్టులో చోటిచ్చుంటారు" అని ఎవరో అన్నారు. చివరి వరసలో ఫ్రేముల కొట్టాయన కదలలేదు.

అప్పుడు కంపెనీ లాయరు లేచి, ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. ఆవిడ మొదటి రోజు ఇచ్చిన కాగితం. గట్టిగా చదివాడు. "అయ్యా, ఈ అధికారి భర్తకు పాత బజారులో వ్యాపారం ఉంది. కట్టడాన్ని ఆపడం కోసమే నీళ్ళను బూచిగా చూపించారు. గుంట అక్కర్లేదు, ఉన్న కల్వర్టు సరిపోతుంది" అన్నాడు.

అధ్యక్షుడు నివేదికలో పేజీలు తిప్పాడు. "మీ మాట నాకర్థం కావట్లేదు. కొట్టు కోసం రాసే మనిషయితే కొట్ల దగ్గరే తీవ్రం అని రాసుకునేది కదా? అక్కడ మధ్యస్థం అని రాసి, నీళ్ళ దగ్గర అబద్ధం రాస్తుందా?" అన్నాడు. లాయరు కూర్చున్నాడు. నీళ్ళ మాట నిలబడింది.

ఆవిడ లెక్క సరిపోయింది. సరిపోయినందుకు ఆవిడ మొహంలో ఏ వెలుగూ లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో భర్త మాట్లాడలేదట. కోపంగా కాదు. పని చేసుకుంటూ, తింటూ, మామూలుగానే ఉండేవాడు, మాట లేకుండా. ఐదో రోజు ఈవిడే ఆగలేక మొత్తం చెప్పేసింది. మొదట రాసిన పేజీ, ఎర్ర సిరా, అన్నీ. ఆయన కోస్తున్న అద్దం పక్కన పెట్టాడు.

"నువ్వు తిరిగిన కొట్ల అట్టముక్కలు నేను చూశాను కదా. నువ్వు మధ్యస్థం అని రాయవని నాకు తెలుసు" అన్నాడు.

"మరి ఈ నాలుగు రోజులూ ఎందుకు మాట్లాడలేదండీ?"

"నాకు ముందే చెప్పి ఉంటే నీతో పాటు నేనూ ఆ అబద్ధం మోసేవాణ్ణి. హాల్లో నువ్వొక్కదానివే నిలబడ్డావు. దానికి" అన్నాడు.

పెద్దకొట్టుకు అనుమతి వచ్చింది. షరతుల మీద. కల్వర్టు రెండింతలు చెయ్యాలి, పద్నాలుగు ఎకరాల్లో నీటి గుంట తవ్వాలి. కార్లు నిలిపే చోటులో పెద్ద ముక్క ఆ గుంటకు పోయింది. తమ్ముడి మిషనుకు ఏడాదిన్నర పని దొరికింది. అందులో ఐదు నెలలు ఆ గుంట తవ్వడమే. "అక్కా, నీ చెరువు నేనే తవ్వాను చూడు" అని వచ్చి చెప్పాడట, పాత గొడవేదీ జరగనట్టు. ఆవిడ అన్నం పెట్టి పంపింది.

పాత బజారు సంగతి ఆవిడ మొదట రాసినట్టే జరిగింది, కాకపోతే ఐదేళ్ళు కూడా పట్టలేదు. మూడేళ్ళకే రెండు వందల పన్నెండులో తొంభై నాలుగు మిగిలాయి. గడియారాల ఆయన కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఫ్రేముల కొట్టు నాలుగో ఏట మూశారు. కొట్టూ మేడా వదిలి పట్నం చివర చిన్న ఇంట్లోకి మారారు. ఆయన ముందు గదిలో బల్ల వేసుకుని, తెలిసినవాళ్ళు తెచ్చినవి కడుతూ ఉంటాడు. కొత్త ఇంట్లో కిటికీ లోంచి గోడ తప్ప ఏమీ కనబడదని అత్తగారి ఫిర్యాదు. "ఎదురుగా గోడ పెట్టుకుని కూర్చోడానికి నేనేమన్నా ఫోటోనా?" అంటుంది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. షరతులు అమలవుతున్నాయో లేదో ప్రతి నెలా చూసి రాసే అధికారి ఒకరుండాలని అనుమతి ఉత్తర్వులోనే ఉంది. కంపెనీవాళ్ళు మర్యాదగా ఒక గది ఇచ్చారు, పెద్దకొట్టులోనే. "షరతులు రాసింది మీరు, చూడాల్సింది కూడా మీరే" అని పెద్దసారు ఆవిణ్ణి అక్కడికి వేశాడు. ఆరు నెలల తర్వాత ఆయన రిటైరైపోయాడు. ఆవిడ అక్కడే ఉండిపోయింది.

మూడు సార్లు బదిలీకి పెట్టుకుంది. మూడు సార్లూ ఒకే జవాబు, ఆ పల్లం సంగతి తెలిసిన అధికారి వేరే లేరని. పొగడ్త అంత గట్టి తాడని నాకు అప్పటిదాకా తెలియదు.

పోయిన వానాకాలం నేను ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. రెండు వందల అడుగుల పొడవున మెరిసే దుకాణాలు దాటి, చెప్పుల కొట్టు పక్కన సన్నటి నడవాలోంచి, సామాన్ల లిఫ్టులో పైకెక్కాలి. కిటికీ లేని గది. పగలంతా ట్యూబులైటు. గోడకు అవతల ఏదో యంత్రం ఆగకుండా గుయ్యిమంటుంది. గోడ మీద జిల్లా పటం ఉంది. మేము కూర్చున్నచోట ఇప్పుడు ఎరుపు. రంగు మార్చింది కూడా ఆవిడ చెయ్యే. దాని చుట్టూ ఎరుపు చుక్కలు కొత్తవి కొన్ని కనిపించాయి.

"ఇవేంటక్కా?"

"రాశాను కదమ్మా, పక్కవాళ్ళు కూడా వస్తారని. వస్తున్నారు" అంది.

"మళ్ళీ అదే ఫైలు వస్తే ఏం రాస్తావు?"

"అదే రాస్తాను. అదే నా బాధ" అంది. "తప్పు చేశానంటే ఓ దారి ఉంటుంది. ఒప్పు చేశానంటే ఇంకో దారి ఉంటుంది. ఈ రెండూ కాని చోట మనిషి ఎటు కదుల్తాడు చెప్పు? గడియారాలాయన పీట మీద కూర్చున్నాను. అది మర్చిపోలేను. ఇక్కడ కింద చెప్పులు కొనుక్కునేవాళ్ళెవరికీ ఇది తెలియదు. వాళ్ళని చూస్తే కోపం కూడా రాదు."

పైకప్పు మీద చప్పుడు మొదలైంది. వాన. ఆ గదిలో వాన సంగతి చెవులతోనే తెలియాలి. ఆవిడ వెంటనే లేచి, గొడుగూ అంగుళాల గీతలున్న ఒక పొడుగాటి కర్రా తీసుకుంది. "రా, కల్వర్టు దాకా పోయొద్దాం. గంటన్నరలో తిరిగి రావాలి, రెండున్నరకు హాజరు కార్డు చూపించకపోతే సగం రోజు సెలవు రాస్తారు" అంది.

వాన బాగానే కురిసింది. పెద్దకొట్టు కప్పు మీది నీళ్ళూ, కార్ల చోటు నీళ్ళూ కాలువల్లోంచి ఉరకలేస్తూ వచ్చి గుంటలో పడుతున్నాయి. మోకాలి ఎత్తు, నడుమెత్తు, ఇంకా పైకి. కల్వర్టు కిందనుంచి మాత్రం నీళ్ళు నిమ్మళంగా పోతున్నాయి. ఆవిడ కర్ర ముంచి చూసి, తడిసిన పుస్తకంలో అంకె రాసుకుంది. తర్వాత కాలనీలోకి నడిచి, మొదటి ఇంటి గేటు దగ్గర వంగి మెట్టును చూసింది. పొడిగా లేదు, వాన కదా. కానీ నిలిచిన నీళ్ళు లేవు.

లోపల్నుంచి ఒకామె తలుపు తీసింది. "ఏంటమ్మా, గేటు దగ్గర ఏం చూస్తున్నారు?"

"నీళ్ళొచ్చాయేమోనని."

"ఇక్కడికి నీళ్ళెందుకొస్తాయి? మేం ఈ ఇంట్లోకొచ్చి రెండేళ్ళయింది, ఎప్పుడూ రాలేదు. ఏదన్నా అమ్మడానికొచ్చారా?"

"లేదమ్మా" అంది ఆవిడ. ఆమె అనుమానంగా మా ఇద్దరినీ కాసేపు చూసి తలుపేసుకుంది.

రంగుల మేడం పుస్తకంలో ఇంకో గీత రాసుకుని గొడుగు విప్పింది. టైము చూసింది. రెండు దాటింది. "పద పద" అంటూ నన్ను తొందరపెట్టి, పెద్దకొట్టు వెనక గేటు వైపు గబగబా నడిచింది.